తక్కువ కరెంటుతో నడిచే బడ్జెట్ డెస్క్‌టాప్: ఐ3-12100, రైజెన్ 5 5600జీ, ఎన్100లలో ఏది తీసుకోవాలి?

ప్రాసెసర్ డబ్బా మీద 65 వాట్లు అని రాసి ఉంటే, కంప్యూటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ అది 65 వాట్లు లాగుతూనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. ఎక్సెల్ షీటు తెరిచి ఆలోచిస్తూ కూర్చున్నప్పుడో, పీడీఎఫ్ చదువుతున్నప్పుడో ఇప్పటి ప్రాసెసర్లలో చాలావాటికి పది వాట్లు కూడా అక్కర్లేదు. డబ్బా మీది అంకె, ఒళ్లువంచి పనిచేసినప్పుడు పుట్టే వేడికి ఏ మాత్రం కూలర్ కావాలో చెప్పడానికి కంపెనీ వేసుకున్న లెక్క. పైగా అది గరిష్ఠం కూడా కాదు. 60 వాట్లని రాసి ఉన్న ఇంటెల్ ఐ3-12100కి పై హద్దు 89 వాట్లు. 65 అని రాసి ఉన్న ఏఎండీ రైజెన్ 5 5600జీ 88 దాకా వెళ్లగలదు.

అందుకని డబ్బా మీద వాట్లు చూసి ప్రాసెసర్ ఎంచుకోవద్దు. మామూలు ఇంట్లో, చిన్న ఆఫీసులో కంప్యూటర్ రోజులో ఎక్కువ సేపు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీ సమయంలో మొత్తం పెట్టె గోడ సాకెట్ నుంచి ఎంత లాగుతోందన్నదే మీ బిల్లులో పడేది. అందులో ప్రాసెసర్ వాటా చిన్నది. మిగతాదంతా మదర్‌బోర్డు, గోడ కరెంటుని కంప్యూటర్‌కి పనికొచ్చేలా మార్చే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), గ్రాఫిక్స్ కార్డు ఉంటే అది, వీటి చలవే.

ఈ సలహా ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, డీటీపీ, పిల్లల చదువులు, ఆన్‌లైన్ క్లాసులు, కాస్త ఫొటోషాప్, అప్పుడప్పుడు వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ల కోసం. గేమింగే ముఖ్యమైతే గ్రాఫిక్స్ కార్డు నుంచి మొదలుపెట్టాలి, ఆ లెక్క వేరు.

ముందు బిల్లు సంగతి తేల్చుకుందాం. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. రెండు కంప్యూటర్ల మధ్య తేడా 15 వాట్లు, రోజుకి పది గంటల వాడకం అనుకుంటే నెలకి నాలుగున్నర యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా నెలకి 36, ఏడాదికి 432 రూపాయలు. ఈ 15 వాట్లు మిగల్చడానికి నాలుగు వేలు ఎక్కువ పోసి ఖరీదైన ప్రాసెసర్ కొంటే ఆ డబ్బు తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. అప్పటికి ఆ కంప్యూటర్ ఉంటుందో లేదో! అదే ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో ఉండే మిషనైతే కథ మారుతుంది. కెమెరా రికార్డింగుకో, ఆఫీసు ఫైళ్లన్నీ ఒకచోట పెట్టుకోవడానికో వాడేదానికి అదే 15 వాట్ల తేడా నెలకి 10.8 యూనిట్లు, ఏడాదికి వెయ్యి రూపాయలు దాటుతుంది. అక్కడ తక్కువ వాట్ల కోసం నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టినా గిట్టుబాటే.

తెలంగాణలో గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లకు ఇంకో కోణం ఉంది. నెలకి 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. ప్రతి నెలా 198 దగ్గర ఊగిసలాడే ఇంట్లో నాలుగున్నర యూనిట్లు అంటే 36 రూపాయలు కావు, మొత్తం బిల్లే.

ఇక ప్రాసెసర్ల దగ్గరికి. నా ఓటు ఇంటెల్ ఐ3-12100కి. 2022 జనవరిలో వచ్చింది, కొత్తది కాదు. నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), 4.3 గిగాహెర్ట్జ్ దాకా వేగం. కోర్లు నాలుగే కదా అని చిన్నచూపు చూడొద్దు, నాలుగూ పెద్ద కోర్లే. ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ ఆర్23 పరీక్షలో ఒక్క కోర్ స్కోరు సుమారు 1650, అదే 5600జీకి 1500 చిల్లర. ట్యాలీలో వోచర్ సేవ్ చేయడం, బ్రౌజర్‌లో పేజీ తెరుచుకోవడం, ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లి కార్డులు కొట్టే డీటీపీ పని, ఇవన్నీ ఎక్కువగా ఒక కోర్ వేగం మీదే నడుస్తాయి. రోజువారీ పనిలో చురుకుదనం అక్కడే తెలుస్తుంది. నాలుగు కోర్లూ పూర్తిగా పనిచేస్తున్నప్పుడు కూడా అది నిజంగా లాగేది 60 వాట్ల చుట్టుపక్కలే. ఆ 89ని చేరడం అరుదు.

దీనికి హెచ్610 మదర్‌బోర్డు చాలు. డీడీఆర్4 అనే పాత తరం ర్యామ్ వేసుకునే మోడళ్లు దొరుకుతాయి. బి660, బి760 బోర్డులకి ఎక్కువ డబ్బు పెట్టే అవసరం ఈ పనులకి లేదు. హెచ్610లో ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయి కాబట్టి ముందే ఆలోచించి కొనుక్కోవాలి, అంతే.

ఇదే వరసలో 2023లో ఐ3-13100, 2024లో ఐ3-14100 వచ్చాయి. కోర్లు అవే, వేగం కొద్దిగా పెంచారు. 14100 పై హద్దు 110 వాట్లు. మూడింటిలో ఏది చవగ్గా దొరికితే అది తీసుకోండి, వాడకంలో తేడా తెలియదు. 13, 14వ తరం ఇంటెల్ ప్రాసెసర్లు పాడైపోతున్నాయని 2024లో పెద్ద గొడవ జరిగింది కదా, ఇంటెల్ వారంటీని రెండేళ్లు పొడిగించింది కూడా. ఆ జాబితాలో ఉన్నవి ఐ5-13600కె, 14600కె, వాటి పైవి. ఐ3లు లేవు. ఆ టెన్షన్ అక్కర్లేదు.

షాపులో అడుగు పెట్టగానే మీకు ఎదురయ్యే మాట ఒకటుంది: "సార్, ఎఫ్ మోడల్ తీసుకోండి, రేటు తగ్గుతుంది." 12100ఎఫ్ అంటే అదే ప్రాసెసర్, లోపల గ్రాఫిక్స్ ఉండదు. విడుదలప్పుడు రెండింటికీ తేడా 25 డాలర్లు. గ్రాఫిక్స్ లేకపోతే మానిటర్‌లో బొమ్మే రాదు. కాబట్టి కార్డు కొనాలి, లేదా షాపతను "పాత జీటీ 710 వేసిస్తా" అంటాడు. ఆ కార్డు గరిష్ఠంగా 19 వాట్లు తింటుంది, ఖాళీగా ఉన్నా కొన్ని వాట్లు పోతూనే ఉంటాయి. అంతకన్నా పెద్ద చిక్కు, యూట్యూబ్ ఇప్పుడు వీడియోలు పంపే వీపీ9, ఏవీ1 ఫార్మాట్లను విప్పే సర్క్యూట్ ఆ కార్డులో లేదు. ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది, ఫ్యాన్ గోల మొదలవుతుంది. ఎఫ్ లేని 12100లో ఉండే యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ ఆ రెండు ఫార్మాట్లనూ సొంతంగా విప్పేస్తుంది. మొదట్లో మిగిలిన డబ్బు కార్డుకీ, కరెంటుకీ పోయినట్టే. గేమింగ్ కార్డు ఎలాగూ వేసుకునేవాళ్లకి మాత్రమే ఎఫ్.

చివర టీ ఉండే 12100టీ గురించి కూడా కొందరు అడుగుతారు, 35 వాట్లు అని రాసి ఉంటుంది కాబట్టి. ఖాళీగా ఉన్నప్పుడు 12100కీ, 12100టీకీ తేడా దాదాపు లేదు. టీలో చేసిందల్లా పై హద్దు తగ్గించడం. వేడి తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది. మామూలు 12100 కొని బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో) పవర్ లిమిట్‌ని 35కి దించుకునే వీలు చాలా బోర్డుల్లో ఉంటుంది. నచ్చకపోతే మళ్లీ పెంచుకోవచ్చు. టీ వెతుక్కుంటూ తిరగాల్సింది అరచేతి మందం ఉన్న చిన్న పెట్టెలో అమర్చుకునేవాళ్లే.

మరి రైజెన్ 5 5600జీ ఎవరికి? ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు కావాల్సినవాళ్లకి. పెళ్లి వీడియోలు ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్లు, కోడ్ కంపైల్ చేసేవాళ్లు, వర్చువల్ మిషన్లు నడిపే ఇంజినీరింగ్ విద్యార్థులు ఈ కోవలోకి వస్తారు. అన్ని కోర్లూ కలిపి సినీబెంచ్ స్కోరు పది వేలు దాటుతుంది, ఐ3-12100ది ఎనిమిది వేల పైచిలుకు. లోపలున్న వేగా గ్రాఫిక్స్ యూహెచ్‌డీ 730 కన్నా చాలా గట్టిది. సెట్టింగులు తగ్గించుకుంటే వాలొరాంట్, జీటీఏ 5 లాంటివి కార్డు లేకుండానే ఆడుకోవచ్చు. బోర్డులో ఎకో మోడ్ (కరెంటు హద్దు తగ్గించే సెట్టింగు) ఉంటే 45 వాట్లకి పెట్టుకోండి. ఆఫీసు పనిలో తేడా తెలియదు, ఎక్స్‌పోర్ట్ కాస్త నెమ్మదిస్తుంది, ఎండాకాలంలో ఫ్యాన్ మోత తగ్గుతుంది.

దీనికి రెండు లోపాలు. ఒకటి, వేగా గ్రాఫిక్స్‌కి ఏవీ1 విప్పడం రాదు. వీడియోలు రోజంతా నడిచే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. యూట్యూబ్ సెట్టింగుల్లోకి వెళ్లి ఏవీ1 వాడకాన్ని తక్కువ క్వాలిటీ వీడియోలకే పరిమితం చేసుకుంటే కొంత ఊరట. రెండు, కంప్యూటర్ ర్యామే దీనికి గ్రాఫిక్స్ మెమరీ కూడా. ఒకే 16 జీబీ కడ్డీ వేస్తే గ్రాఫిక్స్ సత్తా బాగా పడిపోతుంది. ఎనిమిదివి రెండు వేయాలి. "ఇప్పుడు ఒకటి వేసుకోండి, తర్వాత ఇంకోటి వేద్దాం" అన్న మాట ఐ3 విషయంలో ఫర్వాలేదు గానీ ఇక్కడ పనికిరాదు. 5600జీటీ, 5500జీటీ దాదాపు ఇవే చిప్పులు, 2024లో కొత్త పేర్లతో వచ్చాయి. చవగ్గా ఉంటే తీసుకోవచ్చు.

జీ లేని 5600ని మాత్రం దీనితో కలిపేసుకోవద్దు. దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు తప్పనిసరి. పైగా దాని లోపల కోర్లు ఒక ముక్క మీద, ర్యామ్‌తో మాట్లాడే భాగం ఇంకో ముక్క మీద ఉంటాయి. ఈ రెండో ముక్క పాత 12 నానోమీటర్ల తయారీ (ఈ అంకె చిన్నదైనకొద్దీ సాధారణంగా కరెంటు తక్కువ తింటుంది). రెండు ముక్కల మధ్య మాటామంతీ ఖాళీ సమయంలో కూడా ఆగదు, అందుకే ఊరికే ఉన్నప్పుడు కూడా 5600జీ కన్నా ఎక్కువ వాట్లు పోతాయి. 5600జీ మొత్తం ఒకే 7 నానోమీటర్ల ముక్క, నిజానికి ల్యాప్‌టాప్ చిప్‌నే డెస్క్‌టాప్‌కి తెచ్చారు. రెండింటి మీదా 65 వాట్లనే రాసి ఉంటుంది!

ఏఎండీలో కొత్త దారి రైజెన్ 5 8500జీ, 2024లో వచ్చింది. ఏవీ1 సమస్య లేదు, 4 నానోమీటర్ల తయారీ, ఏఎం5 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు). ఈ సాకెట్‌ని 2027 దాకా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి కొన్నాళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. ఆరు కోర్లలో రెండు పెద్దవి, నాలుగు కాస్త నెమ్మదివి. అయితే దీనికి డీడీఆర్5 ర్యామే కావాలి, బోర్డూ ఖరీదే. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఆకాశానికి ఎక్కిన తర్వాత దీన్ని బడ్జెట్ లెక్కలో ఇరికించడం కష్టమైపోయింది. ఇంట్లో పాత డీడీఆర్4 కడ్డీలు ఉన్నవాళ్లు 12100, 5600జీల దగ్గరే ఆగడం తెలివైన పని.

ఇంటెల్ ఎన్100 సంగతి వేరు. 2023లో వచ్చిన ఈ చిప్ విడిగా దొరకదు, బోర్డుకే అతికించి మినీ పీసీల్లో వస్తుంది. మీద 6 వాట్లు అని ఉంటుంది. మొత్తం పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు గోడ దగ్గర ఆరు నుంచి పది వాట్లు, గట్టి పనిలో పాతిక చుట్టుపక్కల. వినడానికి బాగుంటుంది. కానీ నాలుగూ చిన్న కోర్లు, నాలుగే థ్రెడ్లు. ఒక్క కోర్ వేగం 2015 నాటి ఐ5-6500కి దగ్గరగా ఉంటుంది, ఐ3-12100లో సగం కన్నా కాస్త ఎక్కువ. ర్యామ్ ఒకే ఛానల్, ఇంటెల్ లెక్క ప్రకారం 16 జీబీ హద్దు. రేపు ప్రాసెసర్ మార్చుకోవాలంటే పెట్టె మొత్తం మార్చాల్సిందే.

గట్టి పనిలో ఇది ఆదా చేసేదీ అంతంతమాత్రమే. ఒక వీడియోని ప్రాసెసర్ మీదే ఎక్స్‌పోర్ట్ చేస్తున్నామనుకుందాం. ఐ3-12100 పెట్టె గోడ దగ్గర 80 వాట్లు లాగుతూ పది నిమిషాల్లో ముగిస్తే, 13 వాట్-అవర్లు. అన్ని కోర్ల వేగం దాదాపు మూడో వంతే ఉన్న ఎన్100 అదే పనిని 25 వాట్లతో అరగంట చేస్తుంది, పన్నెండున్నర వాట్-అవర్లు. కరెంటు దాదాపు అంతే, ఇరవై నిమిషాలు మీరు అదనంగా ఎదురుచూశారు. ఎన్100 గెలిచేది ఖాళీ సమయంలోనే. అందుకే ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో ఉండి, పెద్దగా పని చేయనక్కర్లేని చోట దీనికి సాటి లేదు. టీవీ వెనక తగిలించి సినిమాలు చూడడానికి, ఫైల్ సర్వర్‌కి, షాపులో బిల్లింగుకి భేష్. ఇలాంటి పెట్టెలు చాలావరకు 12 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాయి, కరెంటు పోతే చిన్న యూపీఎస్ మీద కూడా చాలాసేపు లాక్కొస్తాయి. కొనేముందు రెండు చూడండి: ఫ్యాన్ ఉందా, ఏసీ లేని గదిలో పెడుతున్నారా. రామగుండం, రెంటచింతల ఎండల్లో ఫ్యాన్ లేని పెట్టె వేడెక్కి, తనంతట తానే వేగం తగ్గించేసుకుంటుంది.

సెకండ్ హ్యాండ్ కూడా మంచి దారే, చూసి కొంటే. "ఐ7 కంప్యూటర్ ఎనిమిది వేలకే" అన్న ప్రకటనల్లో ఉండేది చాలాసార్లు ఐ7-2600. 2011 నాటిది, 95 వాట్లది. లేదా 2012 నాటి ఐ5-3470. పేరులో ఐ7 ఉన్నంత మాత్రాన ఐ3-12100 ముందు నిలబడదు. వీటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. బ్యాంకు పనులు, జీఎస్టీ లాగిన్లు చేసే మిషన్ మీద ఆ రిస్క్ వద్దు. విండోస్ 11కి కనీస గీత ఇంటెల్ ఎనిమిదో తరం. ఆఫీసులు వదిలించుకునే ఐ5-8500, ఐ5-8500టీ ఉన్న చిన్న పెట్టెలు సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో దొరుకుతాయి. ఆరు కోర్లు, ల్యాప్‌టాప్ తరహా అడాప్టర్, పెద్ద కంపెనీ బోర్డు. ఖాళీగా ఉన్నప్పుడు ఇవి తినే కరెంటు చూస్తే కొత్తగా అసెంబుల్ చేసిన చాలా పెట్టెలు సిగ్గుపడాలి. బడ్జెట్ మరీ తక్కువైతే ఎన్100 మినీ పీసీ కన్నా నేను వీటికే మొగ్గుతాను.

కొత్తవి ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఎక్కువ తినడానికి కారణమేంటంటే, అసెంబుల్డ్ పెట్టెల్లో అసలు దొంగ ఎస్ఎంపీఎస్. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే "450 వాట్ల" పేరులేని ఎస్ఎంపీఎస్‌ల మీద ఏ సర్టిఫికెట్ ఉండదు. 80 ప్లస్ ముద్ర ఉన్నదైతే కనీసం 20, 50, 100 శాతం లోడ్ల దగ్గర నూటికి ఎనభై వంతులు పనికి అందిస్తుందని పరీక్షించి ఉంటారు. బ్రాంజ్ అయితే ఇంకా మేలు. కార్డు లేని ఐ3కి 400 వాట్లదే ఎక్కువ. 650 వాట్లది కొంటే 25 వాట్ల దగ్గర అది నాలుగు శాతం లోడ్ మీద నడుస్తుంది, అక్కడ సామర్థ్యం పడిపోతుంది. ప్రాసెసర్‌లో రెండు వేలు మిగిల్చుకుని ఆ డబ్బు ఎస్ఎంపీఎస్‌లో పెట్టడం మంచి బేరం.

మీ పాత కంప్యూటర్ ఎంత తింటోందో తెలియకుండా కొత్తది కొనకండి. ప్లగ్‌లో పెట్టే వాట్ మీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది లేకపోతే ఇంటి కరెంటు మీటరే చాలు. దాని మీద చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది, పక్కనే యూనిట్‌కి ఎన్ని మెరుపులో రాసి ఉంటుంది, చాలావాటి మీద 3200. ఫ్రిజ్, ఫ్యాన్లు, రౌటర్ అన్నీ ఆపి, కంప్యూటర్ ఒక్కటే ఆన్‌లో ఉంచి, మానిటర్ స్విచ్ కూడా తీసేసి పది నిమిషాలు మెరుపులు లెక్కపెట్టండి. పదహారు వస్తే 30 వాట్లు. ముప్పై రెండొస్తే 60. పాత పెట్టె ఊరికే ఉండి 60 తింటుంటే మార్చడంలో అర్థముంది. 30 అయితే ఎస్ఎస్‌డీ వేయించుకుని ఇంకో రెండేళ్లు వాడుకోండి.

కొత్తది బిగించాక బయోస్‌లో సీ-స్టేట్స్, ఏఎస్‌పీఎం అనే రెండు సెట్టింగులు చూడండి, పని లేనప్పుడు ప్రాసెసర్‌ని, బోర్డు లింకుల్ని నిద్రపుచ్చేవి ఇవే. చవక బోర్డుల్లో వీటిని కొన్నిసార్లు ఆపేసి ఉంచుతారు. ఆన్ చేస్తే ఖాళీ సమయపు వాట్లు కొన్ని తగ్గుతాయి, పైసా ఖర్చు లేదు. విండోస్‌లో పవర్ ప్లాన్ బ్యాలెన్స్‌డ్‌లోనే ఉండనివ్వండి. మానిటర్ వెలుతురు కాస్త తగ్గించుకోండి, 22 అంగుళాల మానిటర్ తినేది ఇంచుమించు ఇరవై వాట్లు, అంటే మంచి ఐ3 పెట్టె ఊరికే ఉన్నప్పుడు తిన్నంత.

కొనేటప్పుడు డబ్బాతో ఉన్న ప్రాసెసరే అడగండి. ఇంటెల్, ఏఎండీ రెండూ డబ్బా సరుకుకి మూడేళ్ల వారంటీ ఇస్తాయి, ఈ మోడళ్లకి కూలర్ కూడా డబ్బాలోనే వస్తుంది. ట్రే ప్రాసెసర్ అంటూ విడిగా కవర్‌లో ఇచ్చేదానికి వారంటీ బాధ్యత అమ్మినవాడిదే, కూలర్ వేరేగా కొనాలి. డబ్బా మీద మోడల్ నంబర్ చివర ఎఫ్ లేదని మీ కళ్లతో చూసి, సీరియల్ నంబర్ బిల్లు మీద వేయించుకున్నాకే డబ్బులివ్వండి.